కత్తి చేతికివ్వరు

కోడి కాలు ఊడదీయడానికి బలం అక్కర్లేదు, కీలు తెలిస్తే చాలు. తొడ కింద బొటనవేలితో నొక్కితే ఎముకకీ ఎముకకీ మధ్య మెత్తటి సందు తగులుతుంది. కత్తి మొన అక్కడ ఆనించి మణికట్టు తిప్పితే కాలు దానంతటదే చేతిలోకి వచ్చేస్తుంది. కోత షెడ్డులో ఆ పని ఆమె పక్కవాళ్ళతో కబుర్లు చెబుతూ చేసేది. కీలెరిగి వాత పెట్టాలన్నారు పెద్దలు. ఈవిడ కీలెరిగి కోత పెట్టేది. అందుకే మేనేజరు మొదలు గేటు కాపలావాడి దాకా అందరికీ ఆమె కీళ్ళక్క అయిపోయింది.

కోళ్ళు కొక్కేలకు తలకిందులుగా వేలాడుతూ, ఈకలు ఊడి, ఇంకా వేడి ఆరకుండా గొలుసు మీద వచ్చేవి. రొమ్ముముక్క ఒక బెల్టు మీదకి, కాళ్ళు ఇంకో బెల్టు మీదకి. ఈ దేశంలో రొమ్ముముక్కకే గిరాకీ. కాళ్ళు వీళ్ళు తినరు. తినని కాళ్ళన్నిటినీ గడ్డకట్టించి, సరిహద్దు దాటించి, కీళ్ళక్క దేశంలో మట్టి ధరకు అమ్మేవాళ్ళు. ఆ మట్టి ధర దెబ్బకే అక్కడ ఆమె పుట్టింటి కోళ్ళ ఫారం మూతపడింది. ఫారం పోయాక మొగుడూ పెళ్ళాలిద్దరూ ఇక్కడికొచ్చి, అవే కాళ్ళు కోయడానికి కుదురుకున్నారు. మన ఇల్లు కూల్చినవాడి ఇంటికే సున్నం వేయడానికి పోయినట్టు! కడుపు ఇవన్నీ చూస్తుందా?

ఆ పొద్దున బండ అనేవాడి కత్తి మొద్దుబారింది. బండ ఈ ఊరివాడే, తలుపంత మనిషి. రంపం మిషను మీద పనిచేసేవాడు. మిషను చెడిపోయిందని ఆ వారం అతన్ని చేతికోత బల్ల దగ్గర నిలబెట్టారు. అతనికి చేతికోత రాదు. కీలు వదిలేసి ఎముక మీద నరికేవాడు. ఎముక పొడి లేచి మాంసంలో కలిసిపోయేది. వేలు కోసుకుని, రక్తం ఏప్రానుకు రాసుకుని, ఆ కోపం ఇంకో కోడి మీద చూపించేవాడు.

"ఏయ్ కీళ్ళక్కా, నీ కత్తి ఇటివ్వు," అంటూ చెయ్యి చాపాడు.

ఆమె కత్తి తుడిచి, పిడి అతనివైపు ఉండేలా బల్ల మీద పెట్టింది.

చాచిన చెయ్యి చాచినట్టే ఉంది. "చేతికిస్తే ఏం పోయింది? నా చెయ్యేమన్నా కుళ్ళిందా?"

"అయ్యో, అది కాదు..."

"విన్నార్రా? మన ఊరి నీళ్ళు తాగుతారు, మన గాలి పీలుస్తారు. మన చెయ్యి మాత్రం తగలకూడదంట!"

బల్ల చుట్టూ అందరూ నవ్వారు. కీళ్ళక్కకు ఒళ్ళు మండింది. ఇది అంటూ సొంటూ కాదని చెబుదామనుకుంది. ఆమె మనుషుల్లో కోతపని చేసే ఏ ఇంట్లోనూ కత్తి చేతికివ్వరు. చేతికిస్తే ఇచ్చినవాళ్ళకీ పుచ్చుకున్నవాళ్ళకీ పగ రాసిచ్చినట్టే. కింద పెట్టాలి, అవతలివాళ్ళు తీసుకోవాలి. తల్లి కూతురికిచ్చినా అంతే, పెళ్ళాం మొగుడికిచ్చినా అంతే. మనిషికి చేసే మర్యాదలో అది మొదటిది. ఈ సంగతి చెప్పడానికి ఆమె నోరు తెరిచింది.

అంతలో గొలుసు ఆగిపోయింది. పని మధ్యలో గొలుసు ఎప్పుడూ ఆగదు. కొక్కేలకున్న కోళ్ళు ఒకదానికొకటి తగిలి, కాసేపు ఊగి నిలబడ్డాయి. మేనేజరు ఖాళీ ట్రేలు బోర్లించి వాటి మీదికెక్కాడు.

"అవతలి దేశంవాళ్ళు మన కాళ్ళ మీద సుంకం వేశారు," అన్నాడు. "అలాంటిలాంటి సుంకం కాదు. అది కట్టి అమ్మేకంటే పారబోయడం నయం. లారీలన్నీ సరిహద్దులో ఆగిపోయాయి. గోడౌన్‌లో కాలు పెట్టే చోటు లేదు. రేపట్నుంచి ఒక్క షిఫ్టే."

"రెండో షిఫ్టు వాళ్ళ సంగతేంటి?" బండ అరిచాడు.

"ఏముంది, ఇంటికే. ఎవరెవరన్నది చూసి చెబుతాం."

"అసలు ఇన్నాళ్ళూ లేంది ఇప్పుడెందుకేశారు సార్?"

మేనేజరు జేబులోంచి ఫోను తీశాడు. "ఎవడో మన గోడౌన్‌లోనే వీడియో తీసి వాళ్ళ టీవీకి పంపాడు. కరిగిపోయిన సరుకు మళ్ళీ గడ్డకట్టించి, కొత్త తేదీ అంటించి పంపుతున్నామంట. దాంతో అక్కడ రోడ్లెక్కి నానా యాగీ చేశారు."

ఫోను చేతులు మారుతూ కీళ్ళక్క దాకా వచ్చింది. అందులో నారింజరంగు గ్లౌజు, దానికున్న చిరుగులోంచి పైకొచ్చిన బొటనవేలు. ఆ వేలు గడ్డకట్టిన కాలి ఎముక చివరను నొక్కింది. నల్లటి నీరు ఊరింది. ఇంకో కాలు, ఇంకో నొక్కు, మళ్ళీ అదే నలుపు. ఒకసారి కరిగి మళ్ళీ గడ్డకట్టిన కాలికి ఎముక చివర అలా నల్లబడుతుంది. కోళ్ళు పెంచి బతికిన ఇంట్లో పిల్లల్నడిగినా చెబుతారు.

గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నట్టు, ఆమె తన బొటనవేలిని పిడికిట్లో దాచేసుకుంది.

నారింజ గ్లౌజులు గోడౌన్‌లో పెట్టెలు మోసేవాళ్ళవి. మోసేవాళ్ళు ముగ్గురే. ఇద్దరు ఈ ఊరివాళ్ళు. మూడోవాడు కీళ్ళక్క భర్త.

బండ ఆమెవంకే చూస్తున్నాడు. బల్ల మీద పెట్టిన కత్తి అక్కడే ఉండిపోయింది.

*

"గ్లౌజు నాది, వేలు నీది," అన్నాడు భర్త, మంచం మీద కూర్చుని బూట్లు విప్పుకుంటూ. "పేరు చెరిసగం పంచుకుందాం."

"నవ్వులాటగా ఉందా నీకు?"

"ఏడిస్తే సుంకం తీసేస్తారంటే చెప్పు, ఇద్దరం కూర్చుని ఏడుద్దాం."

వాళ్ళది ఒకటే గది. ఒక మంచం, ఒక గ్యాసు పొయ్యి, వీధివైపు ఒక కిటికీ. అతను గోడౌన్ నుంచి వస్తే గదిలోకి చలి వచ్చినట్టుండేది. అతని వేళ్ళు మామూలు రంగుకి రావడానికి చాలాసేపు పట్టేది. ఆమె రోజూ ఆ వేళ్ళను తన రెండు చేతుల మధ్యా పెట్టుకుని రుద్దేది. ఇవాళ కూడా రుద్దుతోంది, కానీ మనసు అక్కడ లేదు.

వీడియో తీసిన రోజు అన్నం డబ్బా ఇవ్వడానికి గోడౌన్‌కి వెళ్ళింది తనే. పాత పెట్టెలకు కొత్త తేదీలు అంటించడం చూసి ఆగలేకపోయింది తనే. చలికి చేతులు కొంకర్లు పోతుంటే అతని గ్లౌజు తొడుక్కుంది. "ఎందుకే మనకి?" అని అతనంటున్నా వినకుండా ఫోను అతని చేతికిచ్చి పట్టుకోమంది. తన దేశంలో పిల్లల కంచాల్లోకి ఈ నల్ల ఎముకలా పోయేది? ఆ కోపంలోనే అన్నయ్యకి పంపేసింది. పంపాక హాయిగా నిద్రపోయింది కూడా. ఇప్పుడు తలుచుకుంటే ఆ నిద్ర మీదే ఆమెకు అసహ్యం వేసింది.

ఫోను మోగింది. అన్నయ్యే. వెనక డప్పులు, కేకలు.

"చెల్లాయ్! చూశావా? నీ బొటనవేలు ప్రభుత్వాన్నే కదిలించింది! సుంకం వేసి చావండ్రా అంటే ఇన్నాళ్ళూ వినని వెధవలు, నీ వీడియో చూసి మారుమాట్లాడకుండా వేశారు. రేపే ఫారంలో బూజు దులిపిస్తున్నా!"

"నా పేరేమన్నా చెప్పావా?"

"నాకేమన్నా పిచ్చా? అయినా చెబితే మాత్రం ఏంటి, ఇక్కడ నీకు దండ వేస్తారు."

"ఇక్కడ నా మొగుడికి వేస్తారు దండ, బతికుండగానే," అంది ఆమె. అవతల డప్పుల్లో అతనికి వినపడలేదు. తన కోడి కూస్తేనే ఊరికి తెల్లారుతుందనుకునే మనిషి. ఇన్నాళ్ళకి కూసింది మరి, ఆపమంటే ఆపుతాడా?

ఫోను పెట్టేసి, "రేపు నేనే చెప్పేస్తా. తీసింది నేనని," అంది.

భర్త చేతులు వెనక్కి లాక్కున్నాడు. అతను ఆమెను గట్టిగా ఒక మాట అనడం ఎప్పుడోగాని జరగదు. "నోరు మూసుకుని పడుండు. నేను పెట్టెలు మోసేవాణ్ణి. భుజం ఉంటే చాలు నాకు. నీ చేతికేమన్నా అయితే ఈ ఇంట్లో ఇంకేముంది?"

ఆ మాట పూర్తికాకుండానే కిటికీ అద్దం పగిలింది. వచ్చి పడింది రాయి కాదు, గడ్డకట్టిన కోడికాలు. మంచం కిందికి జారి, గోడకు కొట్టుకుని ఆగింది. వీధిలో ఎవరో విజిల్ వేశారు.

*

మర్నాడు వలస వచ్చినవాళ్ళని తెచ్చే కంపెనీ బస్సు గేటు దగ్గర ఆగేసరికి ఊరివాళ్ళు గుంపుగా నిలబడి ఉన్నారు. రెండో షిఫ్టు మగవాళ్ళు, వాళ్ళ వెనకాల ఆడవాళ్ళు, అందరి కాళ్ళ దగ్గరా ట్రేలు. ట్రేల నిండా కాళ్ళు. సరిహద్దు నుంచి తిరిగొచ్చిన లారీలోవి. సగం కరిగి, ఎర్రటి నీళ్ళు కారుతున్నాయి.

మొదటి కాలు డ్రైవరు అద్దానికి తగిలింది. తర్వాత వాన కురిసినట్టు కురిశాయి. లోపల ఇంకా గడ్డకట్టే ఉన్న కాలు తగిలితే రాయికేం తీసిపోదు. కీళ్ళక్క ముందు దిగుతున్న ఆవిడ నుదురు చిట్లి మెట్ల మీదే కూలబడింది. వెనకాల మనిషిని చొక్కా పట్టుకుని కిందికి లాగారు. అతను కొక్కేలకు కోళ్ళు తగిలించే బక్కాయన. ఒకరి జోలికి పోయే మనిషి కాదు.

"తినరా! మీవాళ్ళకి అక్కర్లేదంట కదా, నువ్వు తిను!"

ఇద్దరు అతని రెక్కలు విరిచిపట్టారు. మూడోవాడు ముక్కు మూశాడు. ఊపిరికోసం నోరు తెరవగానే పచ్చి కాలు గొంతు దాకా కుక్కారు. బక్కాయన కాళ్ళు నేలను తన్నుకున్నాయి. పళ్ళు విరిగిన చప్పుడు వినబడింది. కాలు బయటికి లాగితే దాంతోపాటు రక్తం, వాంతి కలిసి వచ్చాయి. ఎవడో దాన్ని కూడా ఫోన్లో తీశాడు.

అత్త మీద కోపం దుత్త మీద చూపించారంటే ఏదో సామెత అనుకుంటాం. సుంకం వేసిన మంత్రి వీళ్ళకు దొరకడు. పాత సరుకు అమ్మించిన యజమాని అద్దాల కారులోంచి దిగడు. దొరికేది కొక్కేల బక్కాయన పళ్ళు. గేటు కాపలావాడు తాళంచెవుల గుత్తి లెక్కపెట్టుకుంటూ అటు తిరిగి నిలబడ్డాడు.

కీళ్ళక్కను భర్త తన పెద్ద కోటులో కప్పి, దెబ్బలు వీపు మీద కాచుకుంటూ లోపలికి లాక్కుపోయాడు. "బల్ల దగ్గర నిలబడు. తల ఎత్తకు. నేను మధ్యాహ్నం వస్తా," అన్నాడు. అతని చెవి వెనక రక్తం కారుతోంది. తుడుద్దామని చెయ్యెత్తేలోపు వెళ్ళిపోయాడు.

ఆ పూట ఆమె చేతులు మొదటిసారి కీలు తప్పాయి. కత్తి ఎముకకు తగిలి కిరకిరలాడింది. ఎదురుగా బండ చోటు ఖాళీగా ఉంది. అతనితో పాటు మరో నలుగురు లేరు. అది గమనించిన క్షణంలోనే గోడౌన్ వైపు నుంచి కేక వినిపించింది. ఆ గొంతు ఎవరిదో ఆమె ఎవర్నీ అడగలేదు. కత్తితోనే పరుగెత్తింది. మేనేజరు తన గది తలుపు నెమ్మదిగా మూసుకోవడం దారిలో చూసింది.

గోడౌన్ తలుపు ఇనుపది. పక్కకి జారే తలుపు, ఇద్దరు నెడితేగాని కదలదు. భర్తను తలుపు ఫ్రేము దగ్గర మోకాళ్ళ మీద కూర్చోబెట్టారు. కుడిచేతిని ఫ్రేముకు ఆనించి ఒకడు మణికట్టు మీద బూటుకాలు వేసి నొక్కుతున్నాడు. బండ తలుపు పిడి పట్టుకుని ఉన్నాడు.

"ఎవడు తీశాడు? ముగ్గురే కదరా మీరు. మావాళ్ళిద్దరూ తీయరు."

భర్త ముక్కులోంచి, నోట్లోంచి రక్తం. ఏమీ మాట్లాడటం లేదు.

కీళ్ళక్క సూటిగా బండ మీదికి పోయింది. భుజం కీలు ఎక్కడుంటుందో ఆమెకు తెలుసు. కోడికైనా మనిషికైనా భుజం భుజమే. కత్తి మొన అతని చొక్కాను చీల్చింది, చర్మం మీద ఎర్రటి గీత పడింది. ఇంకొక్క నొక్కు చాలు. అంతలో వెనకనుంచి ఎవడో జుట్టు పట్టుకుని లాగాడు. ఇంకొకడు మోచెయ్యి మీద ఇనుప కొక్కెంతో కొట్టాడు. కత్తి కింద పడింది. మొహం నేలకేసి అదిమారు. ఐసు, నెత్తురు, ఫినాయిలు వాసన కలిసి ముక్కులోకి పోయింది.

"వదలండ్రా! ఆయన కాదు!" అని అరిచింది. "ఆయన కాదు, నేను..."

"నేనే!" భర్త గొంతు ఆమె గొంతును మింగేసింది. ఆ మనిషికి అంత గొంతుందని ఆమెకు కాపురంలో ఏనాడూ తెలియలేదు. "నేనే తీశాను! గ్లౌజు నాది, ఫోను నాది! దానికేం తెలీదు, మొగుడి కోసం అబద్ధాలాడుతోంది! నేనే తీశానురా, ఏం చేసుకుంటారో చేసుకోండి!"

ఆమెవైపు చూశాడు. తల అడ్డంగా చిన్నగా ఊపాడు.

బండ, ఇంకొకడు కలిసి తలుపు నెట్టారు.

కోడి ఎముక చప్పుడు ఆమెకు రోజూ వినే చప్పుడే. ఇది అలా లేదు. తలుపు పూర్తిగా మూతపడలేదు, మధ్యలో చెయ్యి ఉంది గనక. వాళ్ళు వెనక్కి లాగి మళ్ళీ నెట్టారు. మూడోసారికి భర్త అరవడం మానేశాడు.

*

ఆసుపత్రిలో మూడు వేళ్ళు తీసేశారు. చూపుడువేలు, బొటనవేలు మిగిలాయి. వాటిల్లోనూ బొటనవేలు వంగదు. పోలీసులు వచ్చారు. తలుపు జారి జరిగిన ప్రమాదమని మేనేజరు చెప్పాడు, వాళ్ళు రాసుకున్నారు. కీళ్ళక్క ఎదురు మాట్లాడబోతే, "నీ కాగితాలన్నీ సరిగ్గా ఉన్నాయా అమ్మా?" అని మర్యాదగా అడిగి, కలం జేబులో పెట్టుకుని వెళ్ళిపోయారు.

ఆమె కట్టు విప్పి కడిగేటప్పుడల్లా చూసేది. వేళ్ళు కీలు దగ్గరే తీశారు, శుభ్రంగా. ఎవరో పనితనం ఉన్నవాడే. ఆ ఆలోచన వచ్చినందుకు తన మీద తనకే వెగటు పుట్టేది. చెయ్యి కడిగిన నీళ్ళు పారబోయడానికి వెళ్ళి, అక్కడే గోడకు తల ఆనించి నోట్లో కొంగు కుక్కుకుని ఏడ్చేది. వేలు తనది. పోయిన వేళ్ళు అతనివి. ఈ బాకీ ఏ జన్మకు తీరుతుంది?

"ఇంకా రెండున్నాయి," అన్నాడు భర్త ఒకనాడు. "చిటికెడు ఉప్పు వేసుకోవచ్చు. నువ్వు వేసే ఉప్పు ఎటూ చాలదు."

ఆమె నవ్వబోయి అతని ఒళ్ళో తల పెట్టేసింది.

ఆ నెల చివర్లో షెడ్డు ముందు నోటీసు అంటించారు. కోత మూసేస్తున్నారు, ఒక్క షిఫ్టు కూడా ఉండదు. సుంకం గోడ దాటి సరుకు పోవడం లేదు గనక కంపెనీ తనే గోడ దాటుతుందట. కోత షెడ్డు అవతలి దేశంలోనే పెడుతున్నారట. అక్కడి కోడి అక్కడే కోసి అక్కడే అమ్మితే సుంకమే లేదు. యజమానికి రొట్టె విరిగి నేతిలో పడింది. కాళ్ళు విసిరినవాళ్ళ రొట్టె మాత్రం నేరుగా బురదలో పడింది.

అన్నయ్య ఫోను చేశాడు. ఈసారి డప్పులు లేవు.

"మన ఫారాన్ని ఆ కంపెనీవాళ్ళే తీసుకున్నారే, అద్దెకి. నేను కాదంటే పక్కవాడిది తీసుకునేవాళ్ళు. కొత్త షెడ్డు మన స్థలంలోనే. నన్ను అక్కడే మేస్త్రిగా పెట్టారు." కొంచెం ఆగాడు. "వాళ్ళని వెళ్ళగొట్టాననుకున్నా. ఇంట్లోకే వచ్చి కూర్చున్నారు."

ఆమె ఫోను ఇంకో చెవికి మార్చుకుంది.

"నువ్వూ బావా వచ్చేయండి. కోత తెలిసినవాళ్ళకి పిలిచి పనిస్తున్నారు. ఆ ఊరివాళ్ళు కూడా కొందరు వస్తామని రాశారంట. రానీ. ఒక్కొక్కడూ సరిహద్దు దిగాలేగాని, మావాళ్ళు కర్రలు నూనె రాసి పెట్టుకుని కూర్చున్నారు. బావ చెయ్యి సంగతి ఇక్కడందరికీ తెలుసు. వాడెవడో పేరు చెప్పు, వాడి సంగతి నేను చూస్తా. నువ్వు వద్దన్నవాడి జోలికి మాత్రం ఎవడూ పోడు, అది నా మాట."

"తర్వాత చెబుతా," అని పెట్టేసింది.

*

మర్నాడు మధ్యాహ్నం తలుపు చప్పుడైంది. తీస్తే బండ. చేతిలో ప్లాస్టిక్ సంచి, సంచిలో ఈకలు పీకిన కోడి. ఆమె చెయ్యి తలుపు గడియ మీదే బిగుసుకుంది. వెనక మంచం మీద భర్త లేచి కూర్చున్న చప్పుడు వినిపించింది.

"కొట్టడానికి రాలేదక్కా," అన్నాడు బండ. ఏయ్ పోయి అక్కా వచ్చింది. ఏరు దాటించేవాడితో ఎవడైనా మర్యాదగానే మాట్లాడతాడు. "లోపలికి రావచ్చా?"

ఆమె అడ్డు తొలిగింది. తలుపంత మనిషి గదిలోకి తల వంచుకుని వచ్చాడు. అద్దం పగిలిన కిటికీకి కట్టిన అట్ట వంక చూశాడు, చూపు తిప్పుకున్నాడు. భర్త చెయ్యి వంక అసలు చూడలేదు. కుర్చీ లేదు గనక బియ్యం డబ్బా మీద కూర్చున్నాడు.

"జరిగిందేదో జరిగిపోయింది," అన్నాడు సంచిని చూస్తూ. "ఆ రోజు ఎవరి బుర్రలూ బుర్రల్లా లేవు."

"నా వేళ్ళు మాత్రం వేళ్ళలాగే ఉన్నాయి, ఆ పొద్దున దాకా," అన్నాడు భర్త.

బండ సంచి ముడి సర్దుకున్నాడు. "నాకు అక్కడికి పోక తప్పదు. ఇక్కడ ఇంకేం పని లేదు. మా ఆవిడకి ఇప్పుడు నెలలు నిండుతున్నాయి. అక్కడ రంపాలు పెట్టడం లేదంట, అంతా చేతికోతే. కోసి చూపిస్తేనే పనంట. నాకు కీలు దొరకడం లేదు. నిన్నట్నుంచి చూస్తున్నా, ఎముకే తగుల్తోంది." సంచి ముందుకు జరిపాడు. "ఒక్కసారి చూపించక్కా. ఇంకొకటి కూడా. అక్కడ మావాళ్ళని కొడతారంటున్నారు. మీ అన్న అక్కడ మేస్త్రంట కదా. ఆయనకొక్క మాట చెప్పు, నా జోలికి రావద్దని."

కింద వీధిలో ఎవరో స్కూటరు స్టార్టు చేయలేక తంటాలు పడుతున్నారు.

"ఆ వీడియో తీసింది నేను," అంది కీళ్ళక్క.

బండ తలెత్తాడు.

"గ్లౌజు ఆయనది. వేలు నాది." బొటనవేలు ఎత్తి చూపించింది. "ఇదే. సరిగ్గా చూసుకో. పాత సరుకు పిల్లలకి పెడుతున్నారని నేను తీశా. ఆయన వద్దన్నాడు."

అతను లేచి నిలబడ్డాడు. పిడికిళ్ళు బిగుసుకున్నాయి, మెడ మీద నరం లేచింది. భర్త ఎడంచేత్తో మంచంకోడు పట్టుకుని లేవబోయాడు. ఆమె కదల్లేదు. కొడితే కొట్టనీ అనుకుంది. కొడితే ఎంత బాగుండు అని కూడా అనుకుంది.

"మరి వాడే ఒప్పుకున్నాడుగా!" అన్నాడు బండ.

"చెప్పకపోతే దాని చెయ్యి పోయేది," అన్నాడు భర్త. "మా ఇంట్లో కీలు తెలిసిన చెయ్యి అదొక్కటే. ఇప్పుడు చూడు, నీక్కూడా అదే కావాల్సొచ్చింది."

అప్పుడు బండ మొదటిసారి ఆ కట్టువంక చూశాడు. చూసి చూపు తిప్పుకోలేకపోయాడు. పిడికిళ్ళు మెల్లగా విడిపోయాయి. బియ్యం డబ్బా మీద మళ్ళీ కూర్చున్నాడు. గడ్డంతో సంచి వైపు చూపిస్తూ, "నేర్పుతావా?" అన్నాడు.

కీళ్ళక్క సంచిలోంచి కోడిని తీసి పీట మీద పెట్టింది. గూట్లోంచి తన కత్తి తీసింది. గోడౌన్ నేల మీద పడ్డప్పుడు మొన విరిగింది, తర్వాత సాన పట్టించుకుంది. కొంగుతో పిడి తుడిచింది. బండ అలవాటుకొద్దీ పీటవైపు చూశాడు, ఆమె అక్కడ పెడుతుందని.

ఆమె పీట మీద పెట్టలేదు. కత్తి తిప్పి, పిడిని తిన్నగా అతని అరచేతిలో పెట్టి, అతని వేళ్ళు దాని చుట్టూ మూసింది.

బండ ముఖం విప్పారింది. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. "ఇన్నాళ్ళకి చేతికిచ్చావక్కా," అన్నాడు.

మంచం మీద భర్త ఉలిక్కిపడి ఆమెవంక చూశాడు. ఆమె ఆ చూపు తప్పించుకోలేదు.

"మీ అన్నకి చెబుతావు కదూ?" అన్నాడు బండ.

"ముందు కోత నేర్చుకో," అంది ఆమె. అతని ఎడంచేతి బొటనవేలు పట్టుకుని కోడి తొడ కింద ఆనించి నొక్కింది. "ఇదిగో, ఇక్కడ. తెలుస్తోందా?"

"ఆఁ, తెలుస్తోంది," అన్నాడు సంతోషంగా. కత్తి మొన అక్కడ పెట్టాడు.